చెవులు బాగానే ఉన్నాయి

గిన్నె కింద పడితే ఉలిక్కిపడేదాన్ని. పక్కన కూర్చుని ఎవరైనా మాట్లాడితే మాత్రం ఒక్క ముక్క తెలిసేది కాదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయో ఎవరికీ అంతుబట్టక, మా ఇంట్లో ముగ్గురం దాదాపు ఏడాది పాటు ఒకరి మీద ఒకరం విసుక్కుంటూ బతికాం. ఇప్పుడు కాస్త తెరిపిన పడ్డాను కాబట్టి రాస్తున్నాను. ఎవరికో ధైర్యం చెప్పేంత ఓపిక నాకింకా రాలేదు. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటిది వస్తే మాలాగా తప్పుగా అనుకోవద్దని చెప్పాలనిపించింది, అంతే.

తొంభై ఒకటి, వానాకాలం: రేపల్లె

నేను బడిపంతులమ్మని. ఐదో తరగతి చెప్పేదాన్ని. మా ఆయన ప్రభుదాసు ధాన్యం మిల్లులో గుమాస్తా. మాకు పిల్లల్లేరు. ఇంట్లో మేమిద్దరం, మా అత్తయ్య కరుణమ్మ.

ఆ రోజు పొద్దున బడికి వెళ్ళబోతూ జడ వేసుకుంటున్నాను. తల తిరిగినట్టయి మంచం మీద కూలబడ్డాను. కళ్ళు తెరిచేసరికి అత్తయ్య ఎదురుగా నిలబడి నోరు కదుపుతోంది. గొంతు వినబడుతూనే ఉంది, అందులో మాట లేదు. రేకుల మీద వాన పడుతున్నట్టు ఒకటే చప్పుడు. "అత్తయ్యా, నాకేం తెలియడం లేదు" అన్నాను, లేక అన్నాననుకున్నాను. నా గొంతు కూడా ఆ వానలోనే కలిసిపోయింది. నా నోట్లోంచి ఏం వచ్చిందో నాకే తెలియలేదు. జీవితంలో అంత భయం నాకెప్పుడూ వేయలేదు.

మొదటి వారం నా మాటలు కూడా తికమకగా వచ్చాయట. తర్వాత అవి సర్దుకున్నాయి. చదవగలిగాను, రాయగలిగాను. మా ఆయన ఒక పలక కొనుక్కొచ్చి "తల నొప్పిగా ఉందా?" అని రాశారు. చదివి, లేదండీ అని నోటితోనే చెప్పాను. ఆయన నా వంక వింతగా చూశారు. ఊళ్ళో డాక్టరు నీరసం అన్నాడు, సూదిమందులు పొడిచాడు. సందులో సైకిలు బెల్లు మోగితే తిరిగి చూస్తాను, తలుపు దబాలుమంటే అదిరిపడతాను. సుగుణా అని పిలిస్తే అది నా పేరని తెలియదు.

అన్నిటికన్నా పెద్ద కష్టం అత్తయ్యతో. ఆవిడకి చదువు రాదు, కాబట్టి పలక పనికిరాదు. మా మామయ్యగారు పోయినప్పటి నుంచి ఆవిడకి నేనే మాటల తోడు. బడి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కోగానే పెరటి గడప మీద నన్ను కూర్చోబెట్టి, పంపు దగ్గర ఎవరు ఎవరిని ఏమన్నారో అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. నేను సగం విని సగం వినకుండా ఊ కొట్టేదాన్ని. ఇప్పుడు ఆవిడ చెబుతుంటే ఊ కొట్టడానికి ఎక్కడ ఆగుతోందో కూడా తెలిసేది కాదు. పిచ్చిదానిలా మొహం చూస్తూ కూర్చునేదాన్ని. ఆవిడ రెండు రోజులు అరిచి చెప్పింది. మూడో రోజు వెల్లుల్లి కాచిన నూనె చెవుల్లో పోసింది. ఆ తర్వాత అరవడం మానేసింది, గడప మీదికి రావడం కూడా మానేసింది.

ఆవిడ ఏమనుకుందో నాకు చాలా రోజుల తర్వాత మా ఆయన చెబితే తెలిసింది. "గిన్నె పడితే తిరిగి చూస్తందిరా దాసూ, నేను పిలిస్తే చూడదు. దీనికి నా మీద అలకరా" అందట.

ఇంట్లో దీపాలు పెట్టే వేళకి కుటుంబ ప్రార్థన ఉంటుంది. మా పెద్దవాళ్ళ నాటినుంచీ ఉన్నదే. చాప మీద ముగ్గురం కూర్చుంటాం, కళ్ళు మూసుకుంటాం, అత్తయ్య ప్రార్థిస్తుంది. ఊళ్ళో జబ్బుపడ్డవాళ్ళు, ప్రయాణాల్లో ఉన్నవాళ్ళు, మిల్లు, బడి, ఎవరినీ వదిలిపెట్టదు. ఎప్పుడు అయిపోతుందో దేవుడికే తెలియాలి అని మా ఆయన నవ్వేవారు. ఇప్పుడు ఆమెన్ ఎక్కడ చెప్పాలో తెలియక నేను కళ్ళు తెరిచి ఆవిడ పెదాలు చూస్తూ ఉండేదాన్ని. ఒక సాయంత్రం ఆవిడ కళ్ళు విప్పి చూసింది. ప్రార్థనలో గుడ్లప్పగించి చూస్తున్న కోడలు కనబడింది. ఆవిడ లెక్కలో అది రెండో తప్పు.

అదే ఏడు, చలికాలం: తెనాలి

చెవుల డాక్టరు తెనాలిలో ఉన్నాడంటే పొద్దుటి ప్యాసింజరుకి వెళ్ళాం. వరండా నిండా జనం. కాంపౌండరు తలుపు తీసి పేర్లు పిలుస్తున్నాడు. మా ఆయన కాఫీ తాగొస్తానని బయటికి వెళ్ళారు. నేను కాంపౌండరు నోటి వంక చూస్తూ కూర్చున్నాను. ఆ నోరు తెరుచుకున్నప్పుడల్లా ఎవరో ఒకరు లేచి వెళుతున్నారు. ఒకసారి ఎవరూ లేవలేదు. నేనేనేమో అని సగం లేచి, కాదేమోనని మళ్ళీ కూర్చున్నాను. అది నేనే. నా వంతు పోయింది.

పక్కన ఒక ఆవిడ, నిజాంపట్నం వైపు చేపలమ్ముకునే మనిషి, భర్త చెవికి గుడ్డ కట్టి తీసుకొచ్చింది. నా అవస్థ చూసింది. నన్ను ఏమీ అడగలేదు. లేచి వెళ్ళి కాంపౌండరుతో ఏదో చెప్పి వచ్చి, తలుపు తెరుచుకున్న ప్రతిసారీ నాకేసి అడ్డంగా తల ఊపేది. చివరికి ఒకసారి నా మోకాలు తట్టి, నిలువుగా ఊపింది. ఆవిడ చేతికి చేపల వాసన. ఆ ఏడాదిలో నన్ను పరీక్షగా చూడకుండా సాయం చేసిన మొదటి మనిషి ఆవిడే.

లోపల చెవులకి డిప్పలు తగిలించారు. కీమని సన్నగా శబ్దం వస్తే వేలెత్తమన్నారు, అది పలక మీద రాసి చూపించారు. ఎత్తాను. లావు శబ్దాలకీ ఎత్తాను. డాక్టరు సంతోషంగా మా ఆయనకి ఏదో చెప్పాడు. మా ఆయన మొహం మాడిపోయింది. "చెవులు బాగానే ఉన్నాయండి. బ్రహ్మాండంగా ఉన్నాయి. మనసులో ఏదన్నా బాధ పెట్టుకున్నారేమో, మెల్లగా కనుక్కోండి" అన్నాడట. మీ చెవులు బాగున్నాయి అన్న మాట ఎవరికైనా శుభవార్తే కదా. మా కొంపలో మాత్రం అదే చిచ్చు పెట్టింది. రైల్లో ఇంటికి వస్తున్నంతసేపూ మా ఆయన పలక సంచిలోంచి తీయలేదు.

ఆయన్ని నేను తప్పుపట్టను. ఆయన మిల్లులో వడ్ల బేరాలు మాట్లాడే మనిషి. నోట్లోంచి మాట పరుగెడుతుంది, ఎదుటివాళ్ళ మాట కూడా పరుగెత్తాలి. సుద్దముక్కతో సంసారం చేయడానికి ఆయనకి ఓపిక లేదు. నాకు మాత్రం ఉందా? బడికి సెలవు పెట్టేశాను. పొద్దస్తమానం ఇల్లంతా చప్పుడే, అందులో ఒక్కటీ నాకోసం కాదు. వినబడకపోతే కనీసం నిశ్శబ్దమైనా ఉండేది అనుకునేదాన్ని. నాకు అదీ లేదు.

తొంభై రెండు మొదట్లో: గుడిలో

ఇక్కడ మా వాళ్ళు తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు ఒకటి జరిగింది.

మాది లూథరన్ సంఘం. ఆరాధనకి ఒక క్రమం ఉంటుంది. పాస్టరు అయ్యగారు ఒక మాట అంటారు, సంఘం ఒక మాట అంటుంది. అది చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చినదే. అయ్యగారు ముందున్న ప్రభువు బల్ల వైపు తిరిగితే ఏ మాట, మా వైపు తిరిగితే ఏ మాట, చేతులెత్తితే ఏ మాట, అంతా నా ఒంట్లో ఉంది. కాబట్టి గుడిలో నేను ఒక్క జవాబూ తప్పలేదు. లేవాల్సినప్పుడు లేచాను, చెప్పాల్సినప్పుడు చెప్పాను. కీర్తనలప్పుడు హార్మోనియం మీద వేళ్ళు కదిలితే నేనూ పెదాలు కదిపాను. ఆ పాట నాకు పాటలా వినబడలేదు, మిల్లు తిరుగుతున్న మోతలా ఉంది. అది ఎవరికి తెలుస్తుంది?

స్త్రీల సమాజం వాళ్ళు చూశారు. సుగుణమ్మగారికి వినబడుతోందన్నారట, ప్రార్థనలు ఫలించాయన్నారట. అత్తయ్యా చూసింది. ఇంట్లో తన మాట వినబడని కోడలికి గుడిలో అయ్యగారి మాట వినబడుతోంది. ఇంకేం కావాలి ఆవిడకి?

ఒక ఆదివారం ఆరాధన మధ్యలో అందరూ నా వైపు తిరిగారు. అయ్యగారు చిరునవ్వుతో చెయ్యి చాపారు. పక్కనున్నావిడ నా మోచెయ్యి పొడిచింది. ఒకప్పుడు గుడిలో వాక్యం చదివే వంతు నాకు వస్తుండేది. ఆ వంతే అనుకున్నాను. వెళ్ళి, బైబిలు తెరిచి ఉన్న చోట నుంచి చదివాను. చదివి తలెత్తితే ఎవరూ కదల్లేదు, ఇంకా నా వంకే చూస్తున్నారు. తక్కువ చదివానేమో అనుకుని ఇంకో భాగం చదివాను. వెనక బెంచీల్లో నవ్వు మొదలైంది. నవ్వు కళ్ళకి కూడా కనబడుతుంది కదా. అయ్యగారు ఆపమన్నట్టు నా వైపు చెయ్యి ఎత్తారు. ఆయన చెయ్యెత్తితే ఆశీర్వాదం. నేను తల వంచి గట్టిగా ఆమెన్ అన్నాను.

వాళ్ళు నన్ను పిలిచింది స్వస్థత పొందిన సాక్ష్యం చెప్పమని, అంటే దేవుడు నాకు ఎలా నయం చేశాడో నా నోటితో చెప్పమని.

అప్పుడు స్త్రీల వరసలోంచి అత్తయ్య లేచింది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, మెల్లగా నడిచి వచ్చింది. నా వంక చూడలేదు. నా చెయ్యి పట్టుకుని, బల్ల దగ్గర నుంచి గుమ్మం దాకా, గుమ్మం నుంచి ఇంటి దాకా వదలకుండా తీసుకొచ్చింది. దారంతా నేను ఏడుస్తూనే ఉన్నాను. ఇంటికొచ్చాక మా ఆయనతో అందట: "ఒరేయ్ దాసూ, అలిగిన మనిషి అంతమందిలో నవ్వులపాలవదురా. దీనికి ఏదో అయిందిరా. పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు."

తొంభై రెండు, ఎండలు ముదరకముందు: మళ్ళీ తెనాలి

ఈసారి చెవుల డాక్టరు కాదు. నెరిసిన జుట్టాయన ఒకరు ముందు నా గుండె మీద చాలాసేపు గొట్టం పెట్టి విన్నారు. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చిందా అని రాసి అడిగారు. వచ్చింది. ఇంతకుముందు ఎప్పుడైనా మూతి వంకరపోవడం, చెయ్యి తిమ్మిరెక్కడం జరిగిందా అని అడిగారు. మూడేళ్ళ కిందట బడిలో ఒకసారి చాక్‌పీసు చేతిలోంచి జారిపోయింది, సాయంత్రానికి సర్దుకుంది, టానిక్కు తాగి మరిచిపోయాం. ఆయన తల ఊపి, విజయవాడ పంపి తలకి స్కానింగు తీయించారు. తర్వాత మా ఆయన్ని కూర్చోబెట్టి చెప్పారు.

అదంతా మా ఆయన నాకు తిరుగు రైల్లో పలక మీద రాసి చెప్పారు. పెట్టె ఊగుతుంటే అక్షరాలు వంకర్లు పోతున్నాయి. రాయడం, చేతిరుమాలుతో తుడవడం, మళ్ళీ రాయడం. ఎదురు బెంచీవాళ్ళు వింతగా చూస్తున్నారు. వేమూరు దాటేసరికి ఆయన పంచె నిండా సుద్దపొడి.

"మీరు మిల్లులో చేస్తారన్నారు కదండీ, అలాగే చెబుతా వినండి" అన్నారట డాక్టరుగారు. "చెవి వడ్లబండి లాంటిది. సరుకు తెచ్చి పోస్తుంది, అంతే. దాన్ని బియ్యం చేసే మిల్లు మెదడులో ఉంది, చెవుల పైన అటొకటి ఇటొకటి. వచ్చిన చప్పుడులో ఇది మాట, ఇది పాట, ఇది ఫలానావాళ్ళ గొంతు అని విడదీసేది అక్కడ మొదలవుద్ది. ఏ చెవి సరుకైనా రెండు మిల్లులకీ వెళుద్ది. అందుకని ఒకటి ఆగినా రెండోది నెట్టుకొస్తది, ఇంట్లోవాళ్ళకి తెలియను కూడా తెలియదు. కీళ్ళ జ్వరంతో దెబ్బతిన్న అమ్మగారి గుండెలోంచి చిన్న నెత్తురుగడ్డ వెళ్ళి మూడేళ్ళ కిందట ఒకటి ఆపింది. ఇప్పుడు ఇంకో గడ్డ రెండోదాన్ని ఆపింది. బండ్లు వస్తానే ఉన్నాయి. ఆడే మిల్లు లేదు."

మళ్ళీ బాగవుతుందా అని నేను నోటితో అడిగాను. ఆయన రాశారు: "కొంత. ఎంతో చెప్పలేనన్నారు. మందులు మానకూడదు." అది చేతిరుమాలుతో తుడిచారు. తర్వాత రాశారు: "అమ్మకి నేను చెబుతాను. నువ్వు దొంగవేషం వేయలేదని నాకు ముందే తెలిసుండాలి." చదివాను. నాకు కోపం వచ్చింది, నిజం చెప్పాలంటే సంతోషమూ వేసింది. రెండిట్లో దేన్నీ చూపించే ఓపిక లేకపోయింది.

వేసవి: బాపట్ల

మా అక్క బాపట్లలో ఒకటో తరగతి పంతులమ్మ. విశ్రాంతిగా ఉంటుందని నన్ను అక్కడికి పంపించారు. అక్క మొదటి నాలుగు రోజులూ అందరిలాగే గడగడా మాట్లాడింది, అందరిలాగే విసుక్కుంది. ఐదో రోజు అన్నం దగ్గర విసుగెత్తిపోయి, బడిలో పిల్లలకి డిక్టేషన్ చెప్పే గొంతు పెట్టింది. నా మొహానికి మొహం పెట్టి, నోరు పూర్తిగా తెరిచి, అక్షరానికీ అక్షరానికీ మధ్య పిల్లలు రాసుకునేంత వ్యవధి ఇచ్చి, "సాం... బా... రు... పొయ్... నా?" అంది.

పొయ్యక్కా అన్నాను.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అక్క గరిటె కింద పెట్టేసింది. మళ్ళీ అంది. మళ్ళీ తెలిసింది. వేగంగా అంటే వాన, నెమ్మదిగా అంటే మాట. ఆగిపోయిన మిల్లులో ఏదో ఒక మూల చిన్న రాయి ఇంకా తిరుగుతోంది. గుప్పెడు గుప్పెడు పోస్తే ఆడుతుంది, బస్తా కుమ్మరిస్తే ఆగిపోతుంది. ఇది మాకు ఏ డాక్టరూ చెప్పలేదు. ఆ తర్వాత చెబితే నెరిసిన జుట్టాయన, అవునండీ, కొందరిలో అలా ఉంటుంది, అలాగే మాట్లాడండి అన్నారు.

వేసవి అంతా అక్క నాకు అన్నం, ఊరు, వాన, అమ్మ అంటూ ఒకటో తరగతి చెప్పింది. ఏ సంగతి మాట్లాడబోతోందో ముందుగా చెబితే తొందరగా తెలిసేది. చెప్పకుండా మొదలెడితే తికమక. కళ్ళు మూసుకుంటే అంతా పోయేది. సాయంత్రాలు సూర్యలంక తీసుకెళ్ళేది. అక్కడ బెస్తవాళ్ళు వల లాగుతూ పాడుతుంటారు. నోళ్ళన్నీ ఒకేసారి తెరుచుకుంటున్నాయి, ఒళ్ళన్నీ ఒకేసారి వెనక్కి వాలుతున్నాయి. పాట మాత్రం నాదాకా రాలేదు. సముద్రం సముద్రంలాగే వినబడింది. దానికి మాటలు లేవు కాబట్టేమో. ఆ ఇసకలో కూర్చుని చాలా ఏడ్చాను. పాట ఇప్పటికీ రాలేదు. రాదని ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది.

తొంభై రెండు, వానలు మళ్ళీ మొదలయ్యాక: రేపల్లె

అక్క నన్ను దింపడానికి వచ్చి మా వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టింది. డిక్టేషన్ ఎలా చెప్పాలో నేర్పింది. మా ఆయన రెండు మాటలు నెమ్మదిగా చెప్పి మూడో మాటకి పరుగందుకునేవారు. నేను చెయ్యెత్తితే ఆగి, నాలిక కరుచుకుని, మళ్ళీ మొదలుపెట్టేవారు. ఇప్పుడు మిల్లులో కూడా అలాగే మాట్లాడుతున్నారని, దాసుగారికి కూడా ఏదన్నా వచ్చిందా అని రైతులు అడుగుతున్నారని చెప్పి నవ్వుతారు.

అత్తయ్య మాత్రం ఒప్పుకోలేదు. "ఇదేంటమ్మా, పసిపిల్లకి చెప్పినట్టు. నాకు రాదమ్మా" అని అక్కతో అనేసిందట. గుడి నుంచి నా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది నిజమే. వేళకి అన్నం పెట్టేది, మందు చేతిలో పెట్టేది. కానీ నోరు విప్పేది కాదు. నాకేమో ఆవిడ పంపు కబుర్లు కావాలి. డాక్టర్లు, మందులు, స్కానింగు అన్నీ అయ్యాక నాకు మిగిలిన కోరిక అదొక్కటే అని చెబితే మీరు నవ్వుకుంటారు. ఆవిడ నాతో ఇక మాట్లాడదేమో అన్న బెంగ నన్ను జబ్బుకన్నా ఎక్కువ తినేసింది.

బడిలో మా హెడ్మిస్ట్రెస్ నన్ను చేతిరాత క్లాసుకి మార్చింది. పిల్లలు ఒక్కొక్కళ్ళే బల్ల దగ్గరికొచ్చి, నా మొహం ముందు నిలబడి మాట్లాడటం నేర్చుకున్నారు. జనంలో ఇప్పటికీ నాకేం తెలియదు. ఫోను పనికిరాదు. ఇవన్నీ మెల్లగా అలవాటయ్యాయి.

అక్క వెళ్ళిపోయిన కొద్ది రోజులకి, ఒక సాయంత్రం ప్రార్థనకి చాప వేశాను. ఎప్పుడూ గోడకి ఆనుకుని దూరంగా కూర్చునే అత్తయ్య ఆ రోజు చాప మీద నా ఎదురుగా వచ్చి కూర్చుంది. మోకాళ్ళు నా మోకాళ్ళకి తగిలేంత దగ్గరగా జరిగింది. లాంతరు జరిపి తన మొహం మీద వెలుగు పడేలా పెట్టుకుంది. మా ఆయన కళ్ళు మూసుకున్నారు. నేను మామూలుగా తెరిచే ఉంచాను. ఆవిడ కూడా కళ్ళు మూసుకోలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆ ఒక్కసారి తప్ప ప్రార్థనలో కళ్ళు తెరవని మనిషి, సూటిగా నా కళ్ళలోకి చూస్తూ మొదలుపెట్టింది.

"తం... డ్రీ..." అంది. నోరు పూర్తిగా తెరిచి, ఒక్కొక్క అక్షరం ఆపి ఆపి. ఎప్పుడు సాధన చేసిందో, ఎవరి ముందు చేసిందో నాకు తెలియదు. "సు... గు... ణ... అ... ల... గ... లే... దు."

ఆగింది. నాకు అందిందా అని చూసింది. అందింది.

"అ... లి... గిం... ది... నే... ను."

నా కళ్ళలో నీళ్ళు తిరిగి ఆవిడ పెదాలు అలుక్కుపోయాయి. తుడుచుకుంటే గానీ తర్వాతి మాట తెలియదు. తుడుచుకునే లోపల ఇంకేం వినాల్సిన అవసరం లేదనిపించింది. ఏడాదిగా అందరి పెదాలూ ఆగాక ఆఖరున ఆమెన్ చెప్పే నేను, ఆ రోజు అందరికన్నా ముందు గట్టిగా ఆమెన్ అనేశాను.

అత్తయ్య చెయ్యి అడ్డం పెట్టింది. మొహం చిట్లించి, డిక్టేషన్ మరిచిపోకుండా అంది.

"ఇం... కా... అ... వ... లే... దే. ఆ... గు."

అదీ తెలిసింది. ఆగాను. ఆవిడ పంపు దగ్గరివాళ్ళతో మొదలుపెట్టి ఒక్కొక్కళ్ళనే తలుచుకుంటూ వెళ్ళింది. నేను కళ్ళు ఆర్పకుండా ఆవిడ మొహమే చూస్తూ కూర్చున్నాను.